దరఖాస్తు పెట్టే ముందు కాలేజీ చూసి రండి



పోయిన వేసవిలో ఒకరోజు సాయంత్రం కుండీలకు నీళ్లు పోస్తుంటే ఫోన్ మోగింది. మా పక్కింటి అమ్మాయి. ఆ ఏడే బీఎస్సీ పూర్తిచేసింది, మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ. బజార్లో నెట్ సెంటర్ నుంచి మాట్లాడుతోంది.

"మేడమ్, ఎడ్‌సెట్ ఫారం నింపిస్తున్నాను. సబ్జెక్టు మ్యాథ్సా, ఫిజికల్ సైన్సా అని అడుగుతున్నాడు. నా వెనక ఇంకా నలుగురున్నారు. ఏది పెట్టమంటారు?"

"ఏదీ పెట్టొద్దమ్మా. ఫారం అక్కడే ఆపి ఇంటికి రా" అన్నాను.

వచ్చింది. కాస్త చిన్నబుచ్చుకునే వచ్చింది. ఆ సాయంత్రం మా వరండాలో చీకటి పడేదాకా మాట్లాడుకున్నాం. ఆ అమ్మాయితో చెప్పిన మాటలే ఇవాళ మీతో చెప్పుకుంటాను. డిగ్రీ అయిపోయి, బీఈడీకి దరఖాస్తు పెడదామా వద్దా అని ఆలోచిస్తున్న పిల్లలూ, వాళ్లను కన్నవాళ్లూ కాసేపు రేడియో దగ్గర కూర్చోండి.

నేను ముప్పైమూడేళ్లు జిల్లా పరిషత్తు హైస్కూళ్లలో లెక్కలు చెప్పాను. చివరి కొన్నేళ్లు హెడ్మిస్ట్రెస్‌గా చేశాను. ఏటా బీఈడీ కాలేజీల నుంచి ట్రైనీలు మా బడికి వచ్చేవాళ్లు. కొత్త చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, చుట్టచుట్టిన చార్టులు చంకలో పెట్టుకుని, గేటు దగ్గర ఒకరినొకరు ముందుకు తోసుకుంటూ వచ్చేవాళ్లు. వాళ్లలో ఎందరో ఇప్పుడు టీచర్లు. నేను చెప్పేదంతా వాళ్లను చూసి తెలుసుకున్నదే.

ముందు ఆ సబ్జెక్టు సంగతి. నెట్ సెంటర్లో అబ్బాయికి అది ఒక గడి. మౌస్ ఒకసారి నొక్కితే అయిపోతుంది. కానీ రేపు స్కూల్ అసిస్టెంట్ ఉద్యోగానికి వెళ్లినప్పుడు రెండు చూస్తారు. డిగ్రీలో ఆ సబ్జెక్టు చదివావా, బీఈడీలో ఆ మెథడాలజీ, అంటే ఆ సబ్జెక్టు చెప్పే పద్ధతి, చేశావా అని. రెండూ ఒకదానికొకటి కుదరాలి. ఆంధ్రప్రదేశ్ బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌లో నూట యాభై ప్రశ్నల్లో వంద మీరు ఎంచుకున్న సబ్జెక్టులోంచే వస్తాయి కాబట్టి ఆ ఎంపిక ఫారం దగ్గరే మొదలవుతుంది. తెలంగాణలో 2021 నుంచి ప్రశ్నపత్రం అందరికీ ఒకటే. కానీ మెథడాలజీ బరువు అక్కడా ఇంతే. ముప్పై ఏళ్లు మీరు పట్టుకు తిరిగే పుస్తకం అది.

"నీకు ఏది చెప్పడం ఇష్టం?" అని అడిగాను.

"మార్కులు ఫిజిక్స్‌లో ఎక్కువొచ్చాయి మేడమ్."

"మార్కులు కాదు. మీ తమ్ముడికి ఏది చెప్తావు?"

"లెక్కలు" అంది వెంటనే. వాడికి వారానికి రెండుసార్లు చెప్తుందట. వాడికి అర్థం కాకపోతే ఇంకోలా చెప్పి చూస్తుందట. "మరి అదే పెట్టు" అన్నాను. అంతకు మించి ఆ విషయం గురించి మాట్లాడే పని లేకపోయింది.

ఇక దారి ఎలా ఉంటుందో చెప్తాను. తెలిసినవాళ్లు ఒక్క నిమిషం ఓపిక పట్టండి.

డిగ్రీలో 50 శాతం మార్కులుండాలి, రిజర్వుడు వర్గాలకు 40. ఎడ్‌సెట్ కంప్యూటర్ మీద రాసే పరీక్ష. సాధారణంగా మే, జూన్ నెలల్లో పెడతారు. ర్యాంకు వచ్చాక సర్టిఫికెట్ల పరిశీలన, వెబ్ ఆప్షన్లు, సీటు. తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇప్పుడే ఒక ఫైల్లో పెట్టుకోండి. ఏటా వీటి కోసం ఆగస్టులో ఎండనపడి తిరిగేవాళ్లను చూస్తూనే ఉన్నాను. తర్వాత రెండేళ్ల బీఈడీ. నేను చదివినప్పుడు అది ఏడాదే. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి, అంటే మనం ఎన్‌సీటీఈ అంటున్నామే, 2014లో కొత్త నిబంధనలు తెచ్చి 2015 నుంచి రెండేళ్లు చేసింది.

బీఈడీ చేతికొచ్చాక టెట్, అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్ష. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. ఆ ఏడే ఆగస్టు 23న ఎన్‌సీటీఈ ఇచ్చిన నోటిఫికేషన్‌తో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా చెప్పేవాళ్లకు టెట్ తప్పనిసరి అయింది. నూట యాభై ప్రశ్నలు, నూట యాభై మార్కులు. ఓసీలకు 60 శాతం, బీసీలకు 50, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు 40 వస్తే పాసు. మొదట్లో ఆ సర్టిఫికెట్ ఏడేళ్లే చెల్లేది. 2021లో దాన్ని జీవితకాలం చేశారు. ఇది లైసెన్సు లాంటిది. లైసెన్సు ఉన్నంత మాత్రాన బండి రాదు కదా. ప్రభుత్వ బడిలో ఉద్యోగం కావాలంటే నియామక పరీక్ష, అదే డీఎస్సీ, రాయాలి. అందులో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ.

ఇదంతా చెప్పి ఆ అమ్మాయిని ఒక ప్రశ్న అడిగాను. మిమ్మల్నీ అడుగుతాను. ఎడ్‌సెట్ కంప్యూటర్ ముందు రాస్తారు. టెట్ కంప్యూటర్ ముందు రాస్తారు. డీఎస్సీ కూడా కంప్యూటర్ ముందే రాస్తారు, ఇంటర్వ్యూ లేదు, పాఠం చెప్పి చూపించమనేది లేదు. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపెట్టడమే. మరి ఈ మొత్తం దారిలో మీరు నలభైమంది పిల్లల ముందు నిలబడి మాట్లాడటాన్ని ఎవరైనా వెనక కూర్చుని చూసేది ఎక్కడ?

ఒక్కచోటే. బీఈడీలో, టీచింగ్ ప్రాక్టీసులో. ఇప్పుడు ఇంటర్న్‌షిప్ అంటున్నారు. రెండేళ్లలో 20 వారాలు, మొదటి ఏడాది నాలుగు, రెండో ఏడాది పదహారు. ఆ 20 వారాలు పోగొట్టుకుంటే మళ్లీ ఎవరూ ఇవ్వరు. ఉద్యోగం వచ్చాక మీరు తలుపు దగ్గరకు వేసుకుని చెప్పే పాఠం మీరూ పిల్లలూ తప్ప ఎవరూ చూడరు. అందుకే నేను పదేపదే అంటాను, బీఈడీకి దరఖాస్తు పెట్టడమంటే ఆ 20 వారాలకు దరఖాస్తు పెట్టడం.

ఇక్కడ ఒక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ "నాన్ అటెండింగ్" అనే మాట బాగా వాడుకలోకి వచ్చింది. అడ్మిషన్ తీసుకోవడం, ఫీజు కట్టడం, పరీక్షలకు మాత్రమే వెళ్లడం. మధ్యలో ఉద్యోగమో కోచింగో. అటెండెన్స్ సంగతి, రికార్డుల సంగతి కాలేజీవాళ్లే చూసుకుంటారు, దానికో రేటు. నిబంధన మాత్రం చాలా స్పష్టంగా ఉంది. ఏడాదికి 200 పనిదినాలు, తరగతులకు 80 శాతం హాజరు, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం. కాగితం మీద అందరికీ 80, అందరికీ 90.

ఇందులో నా తప్పు కూడా ఒకటుంది. ఎవరికీ పెద్దగా చెప్పుకోలేదు. ఇవాళ చెప్తాను.

నేను హెడ్మిస్ట్రెస్ అయిన కొత్తలో ఒక కుర్రవాడు రెండు లావుపాటి రికార్డులు పట్టుకొచ్చాడు. మా మండలం వాడే. నాన్న లేడు. బీఈడీ చివరికొచ్చింది. రికార్డు తెరిస్తే పాఠాలన్నీ ఒకే సిరాతో, ఒకే రోజు కూర్చుని రాసినట్టున్నాయి. ఆ రాత కూడా అతనిది కాదు. "మా కాలేజీలో మీ సంతకం, స్టాంపు తెమ్మన్నారు మేడమ్" అన్నాడు. మా బడిలో అతను ఒక్క పూటా పాఠం చెప్పలేదు. కుదరదన్నాను. మర్నాడు వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడ ఏమీ అనలేదు, స్తంభం పక్కన నిలబడింది, అంతే. కూలి మానుకుని వచ్చిందని ఆ చేతులు చూస్తేనే తెలిసింది. నేను సంతకం పెట్టాను.

కుర్రవాడు తెలివైనవాడు. టెట్‌లో మంచి మార్కులు వచ్చాయి. డీఎస్సీలోనూ వచ్చాడు. ఉద్యోగంలో చేరిన నెల తిరక్కముందే రాత్రి తొమ్మిది గంటలకు ఫోన్ చేశాడు. మొదట యోగక్షేమాలు అడిగాడు. తర్వాత కాసేపు మాట లేదు. "మేడమ్, ఎనిమిదో తరగతి వాళ్లు కూర్చోవడం లేదు. నేను బోర్డు వైపు తిరిగితే చాలు గోల. నిన్న ఒకణ్ణి కొట్టాను. వాడు ఇవాళ బడికి రాలేదు. నాకు పాఠం వచ్చు మేడమ్. చెప్పడం రావట్లేదు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్లవాడి దెబ్బలో నా సంతకానికీ వాటా ఉంది. నేను ఆనాడు "పోనీ నాలుగు వారాలు మా బడికి రా నాయనా, ఉదయం రెండు పీరియడ్లు చెప్పు, తర్వాత నీ పనికి వెళ్లు" అని ఉండవచ్చు. ఆ ఆలోచనే రాలేదు. జాలి చూపించాననుకున్నాను.

అతనికి ఒకే మాట చెప్పాను. మీ బడిలో పిల్లలు ఎవరి పీరియడ్ కోసం ఎదురు చూస్తారో కనుక్కో. వారం రోజులు నీ ఖాళీ పీరియడ్లలో వెళ్లి ఆ టీచరు తరగతిలో వెనక బెంచీ మీద కూర్చో. సిగ్గుపడకు. వెళ్లాడు. అక్కడ తెలుగు చెప్పే ఒక పెద్దావిడ ఉన్నారట. ఆవిడ బోర్డు మీద రాసేటప్పుడు పూర్తిగా వీపు తిప్పేవారు కాదట, పక్కకు నిలబడి రాస్తూ మధ్యమధ్య తరగతిని చూసేవారట. గోల మొదలైతే గొంతు పెంచకుండా తగ్గించేవారట. ఇవి ఏ గైడులోనూ ఉండవు. బీఈడీలో ఎవరైనా రెండు రోజులు వెనక కూర్చుని ఉంటే చెప్పి ఉండేవాళ్లు. ఇప్పుడు ఆ కుర్రవాడు మంచి టీచరు. కానీ ఆ మొదటి ఏడాది అతని దగ్గర చదివిన ఎనిమిదో తరగతి పిల్లలకు ఆ ఏడాది మళ్లీ రాదు కదా.

20 వారాల్లో అసలు ఏం జరుగుతుందని అడుగుతారేమో. ఒక్క రోజు చెప్తాను.

ఒక ట్రైనీ అమ్మాయి ఏడో తరగతికి పూర్ణ సంఖ్యల గుణకారం చెబుతోంది. నేను వెనక బెంచీలో కూర్చుని చూస్తున్నాను. లెసన్ ప్లాన్ ముచ్చటగా రాసుకుంది. ఐదు నిమిషాలు పూర్వజ్ఞాన పరిశీలన, ఆ తర్వాత శీర్షిక ప్రకటన, ఆ తర్వాత వివరణ. రంగు సుద్దలు తెచ్చింది. అంతా గడియారం పెట్టినట్టు నడుస్తోంది. మైనస్ మూడు ఇంటూ మైనస్ రెండు, ప్లస్ ఆరు అని రాసింది. మూడో వరసలో ఒక పిల్లవాడు చెయ్యెత్తాడు. "టీచర్, రెండు మైనస్‌లే కదా, ప్లస్ ఎట్లా అయిద్ది?"

అమ్మాయి ఒక్క క్షణం తడబడి, "అది రూలు. గుర్తుపెట్టుకోవాలి" అంది. తర్వాతి లెక్కలోకి వెళ్లింది. పిల్లవాడు చెయ్యి దించాడు. అలా దించాక ఆ పీరియడ్‌లో మళ్లీ ఎత్తలేదు. నేను అబ్జర్వేషన్ పుస్తకంలో బోర్డు పని, గొంతు, సమయపాలన అన్నిటికీ మార్కులు వేయవచ్చు. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఆ పాఠంలో ముఖ్యమైన సంగతి ఆ చెయ్యి దిగడం.

స్టాఫ్ రూములో టీ ఇచ్చి అడిగాను, "ఆ అబ్బాయి ముఖం చూశావా?" చూడలేదంది. లెసన్ ప్లాన్‌లో ఎనిమిది లెక్కలున్నాయి, ఐదే అయ్యాయన్న కంగారులో ఉంది. "వాడు ఎవరి పిల్లవాడో కనుక్కో" అన్నాను, ఇంకేం చెప్పలేదు.

మర్నాడు అమ్మాయి తరగతిలోకి వెళ్లీ వెళ్లగానే వాణ్ణి లేపింది. వాళ్లది కిరాణా కొట్టు. "మీ నాన్న ఖాతా పుస్తకంలో ఒకాయన పేరు మీద రెండేసి రూపాయల అప్పు మూడుసార్లు రాసుంది అనుకో. మీ నాన్న జాలిపడి ఆ మూడూ కొట్టేశాడు. ఆయనకు లాభమా, నష్టమా?"

"లాభం టీచర్."

"ఎంత?"

"ఆరు రూపాయలు." అని, అక్కడే ఆగి, "అప్పు మైనస్. కొట్టేయడం మైనస్..." అని వాడే బోర్డు వైపు చూశాడు. తరగతి మొత్తం ఒక్కసారి "ఓ" అంది. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజు ఆమె టీచరైంది. సర్టిఫికెట్ ఇంకో ఏడు నెలలకు వచ్చింది.

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరింది 1880లో. ఆయన వ్యావహారిక భాష కోసం చేసిన పోరాటం మనందరికీ తెలుసు, ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. నాకు మాత్రం ఆయన ఇంకో పని ఎక్కువ గుర్తొస్తుంది. సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తనకు సవర రావాలనుకుని, ఆ భాష నేర్చుకుని, వాళ్లకు పుస్తకాలు తయారుచేసి బడులు పెట్టించారు. పిల్లలు తన దగ్గరకు రావాలని కూర్చోకుండా తనే పిల్లల భాషలోకి వెళ్లిన పంతులు ఆయన. మా ట్రైనీ అమ్మాయి ఖాతా పుస్తకం దగ్గరకు వెళ్లినట్టే. ఏ టెట్‌లోనూ దీనికి ప్రశ్న ఉండదు.

అలాగని టెట్ దండగ అని నేననను. కనీసం పిల్లల మనస్తత్వం మీద ముప్పై మార్కుల ప్రశ్నలకైనా పుస్తకం తెరుస్తారు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత దీని మీద ఇళ్లల్లో చాలా చర్చ నడిచింది. రిటైర్మెంటుకు ఐదేళ్ల కంటే ఎక్కువ సర్వీసున్న టీచర్లు, టెట్ రాకముందు చేరినవాళ్లైనా సరే, రెండేళ్లలో పాసవ్వాలని. ఐదేళ్ల లోపు ఉన్నవాళ్లు కొనసాగవచ్చు గానీ ప్రమోషన్ కావాలంటే టెట్ ఉండాలని. నాతో పనిచేసిన ఒకావిడ, ఇరవై ఏళ్ల పైచిలుకు సర్వీసు, ఇప్పుడు రాత్రిపూట కూతురి పక్కన కూర్చుని పియాజే, వైగోట్‌స్కీ అంటూ మనస్తత్వ శాస్త్రవేత్తల పేర్లు వల్లెవేస్తోంది. ఆవిడ తరగతిలోంచి వచ్చిన పిల్లలు ఎలా ఉంటారో నాకు తెలుసు కాబట్టి ఆవిడ కష్టం చూస్తే బాధేస్తుంది. కానీ కొత్తగా వచ్చేవాళ్లు ఒక సంగతి గ్రహించాలి. ఇక మీదట టెట్ లేకుండా ఎనిమిదో తరగతి దాకా చెప్పే కొత్త టీచరు ఉండరు. కాబట్టి దాన్ని తప్పించుకునే దారులు వెతక్కుండా బీఈడీ మొదటి ఏడాది నుంచే చదువుకుంటూ పోతే చివర్లో కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరగక్కర్లేదు.

ఇంకొన్ని మాటలు గబగబా చెప్పేస్తాను. మీకు చిన్నపిల్లలంటే ఇష్టమా, ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పాలనుందా? అయితే బీఈడీ మీ దారి కాదు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చేసింది, ప్రాథమిక తరగతులకు డీఎడ్ చేసినవాళ్లే అర్హులు. అది ఇంటర్ తర్వాత డీసెట్ రాసి, జిల్లా శిక్షణ సంస్థ డైట్‌లోనో ప్రైవేటు కాలేజీలోనో చేసే రెండేళ్ల కోర్సు. డిగ్రీ అయ్యాక డీఎడ్ చేయడం నామోషీ అనుకునేవాళ్లను చూశాను. అఆలు దిద్దించడం కన్నా కష్టమైన పని మా హైస్కూల్లో ఏదీ లేదు, నమ్మండి.

ఇంటర్ చదువుతున్న పిల్లలుంటే, నాలుగేళ్లలో డిగ్రీ, బీఈడీ కలిపి చేసే ఇంటిగ్రేటెడ్ కోర్సు 2023 నుంచి వచ్చింది. వరంగల్ ఎన్ఐటీలో కూడా ఉంది. దానికి ఎన్‌సెట్ అనే జాతీయ పరీక్ష రాయాలి. మన పిల్లలు మైసూరు రీజనల్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి ఇలాంటి నాలుగేళ్ల కోర్సు చదివిరావడం నా చిన్నప్పటి నుంచీ ఉన్నదే. అక్కడ చదివి వచ్చిన టీచర్లను చూశాక, ఈ పనికి తొందరగా మనసు పెట్టుకోవడం మంచిదేననిపించింది. ఇక దూరవిద్యలో బీఈడీ చేసేద్దామనుకునేవాళ్లకు, అది ఇప్పటికే ట్రైనింగ్ పొందినవాళ్ల కోసం పెట్టింది. డిగ్రీ నుంచి నేరుగా వచ్చేవాళ్లకు కాదు.

పెళ్లయి, చంటిబిడ్డను చూసుకుంటూ బీఈడీ చేద్దామనుకుంటున్న అమ్మాయిలు నాకు చాలామంది తెలుసు. వాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. 80 శాతం హాజరు వాళ్లకు మాటలతో అయ్యే పని కాదు. బస్సు దిగి పరుగెత్తుకుంటూ వచ్చి, మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేసి పాలు తాగాడా అని అడిగి, మళ్లీ లెసన్ ప్లాన్ రాసుకునే ట్రైనీలు మా బడికి వచ్చేవాళ్లు. అత్తమామలకు, భర్తలకు నేను చెప్పేది ఒకటే. ఆ రెండేళ్లు ఇంట్లో ఇంకో చెయ్యి వేయండి. "పరీక్షలకు వెళ్తే చాల్లే" అనే సలహా మాత్రం ఇవ్వకండి. అది సాయం కాదు.

ఉద్యోగం సంగతి దాచిపెట్టను. డీఎస్సీ ఏటా రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ పెద్ద నియామకం జరిగింది 2025లోనే, అప్పుడు 16,347 పోస్టులు. తెలంగాణలో 2017 తర్వాత 2024లో, 11,062 పోస్టులు. ఈ మధ్యలో బీఈడీ, టెట్ రెండూ చేతిలో ఉండి ఏడేళ్లు ఎదురుచూసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కొందరు ప్రైవేటు బళ్లలో చాలీచాలని జీతానికి చెప్పుకుంటూ, వేసవి నెలల్లో జీతం లేకుండా గడిపారు. ఇది తెలిసి రండి. తెలిశాక కూడా రావాలనిపిస్తే, రండి. ప్రభుత్వాలు కూడా ఏటా ఒక లెక్క ప్రకారం ఖాళీలు నింపితే ఇంతమంది యవ్వనం నోటిఫికేషన్ల కోసం ఎదురుచూడటంతోనే కరిగిపోదు. ఈ మాట రేడియోలో చెప్పే అవకాశం దొరికింది కాబట్టి చెప్తున్నాను.

మళ్లీ ఆ సాయంత్రానికి వస్తాను. అన్నీ విని ఆ అమ్మాయి అడిగింది, "మరి ఏ కాలేజీ మంచిదో ఎలా తెలుస్తుంది మేడమ్?"

వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఒక మామూలు రోజున, మంగళవారమో బుధవారమో, చెప్పాపెట్టకుండా వెళ్లి చూడమన్నాను. ఆఫీసులో కాదు, తరగతి గదుల్లో చూడమన్నాను. రెండేళ్లకూ కలిపి రెండువందలమంది విద్యార్థులున్న కాలేజీలో ప్రిన్సిపాల్‌తో కలిపి పదహారుమంది బోధన సిబ్బంది ఉండాలి, నిబంధన అది. పదహారుమందీ కనబడకపోయినా ఎందరున్నారో లెక్కపెట్టు. బెంచీల మీద దుమ్ముందా చూడు. చెట్టుకిందో వరండాలోనో ఎవరైనా ఐదుగురు కూర్చుని, ఒకరు టీచరుగా, మిగతావాళ్లు పిల్లలుగా మైక్రో టీచింగ్ చేస్తుంటే, అక్కడ ఒక లెక్చరరు చేతిలో వాచీ పట్టుకుని నిలబడి ఉంటే, ఆ కాలేజీని ఆప్షన్లలో పైన పెట్టు. దూరమైనా సరే. "రోజూ రావాలా సార్?" అని అడిగి చూడు. "అక్కర్లేదమ్మా, మేం చూసుకుంటాం" అంటే నవ్వి దండం పెట్టి వచ్చేయ్.

రెండు కాలేజీలు చూసొచ్చింది. ఒకచోట గేటుకు తాళం ఉందట, వాచ్‌మన్ ఫోన్ నంబరు ఇచ్చాడట. రెండోదానికి రెండు బస్సులు మారాలి. అక్కడ మెట్ల మీద ఒక అబ్బాయి అట్టముక్కలతో భిన్నాల పటం కత్తిరిస్తూ కూర్చుని, ఆమెను చూసి "అక్కా, ఈ అట్ట కాస్త పట్టుకోండి" అన్నాడట. పట్టుకుందట. ఆ కాలేజీనే మొదటి ఆప్షన్‌గా పెట్టింది. సీటూ వచ్చింది.

చేరేముందు రోజు మా ఇంటికి వచ్చి, "మేడమ్, మీ బీఈడీ రికార్డు ఉందా?" అని అడిగింది. ట్రంకుపెట్టె తీశాను. అట్ట ఊడిపోయింది, కాగితాలు పసుపెక్కాయి, మూలల్లో చెదలు కాస్త కొట్టాయి. మొదటి పాఠం కింద మా సూపర్వైజర్ మేష్టారు ఎర్రసిరాతో రాసిన రెండు మాటలు మాత్రం అలాగే ఉన్నాయి. "వెనక బెంచీ?" అని. ఆ రోజు నేను ముందు రెండు వరసలకే పాఠం చెప్పానని మేష్టారికి తెలిసిపోయింది. ఆ ప్రశ్నకు నేను ముప్పైమూడేళ్లు జవాబు చెప్పుకుంటూ వచ్చాను.

అమ్మాయి ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగింది. "ఇది నా దగ్గర ఉంచుకోవచ్చా?" అంది.

ఇంటర్న్‌షిప్ అయ్యేదాకా ఉంచుకోమన్నాను. నా రికార్డుతో పాటు తన రికార్డు కూడా తెచ్చి చూపించాలని షరతు పెట్టాను.